బజ్జీల నూనెలో కొమ్ము పిడి

మనుషుల్ని అందరూ కళ్ళు చూసి అంచనా కడతారు, నేను దవడ చూసి కడతాను. ఆ తప్పు నాది కాదు, నా పనిది. వనపర్తిలో ఒక చిన్న ల్యాబులో కట్టుడు పళ్ళు తయారు చేస్తాను. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తారు. నేను వాటికి పళ్ళు పేర్చి, గులాబీరంగు పొడితో చిగుళ్ళు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపిస్తాను. ఆ నోరు ఎవరిదో నాకు తెలియదు గాని, ఆ మనిషి కోపిష్టా, తిండిపోతా, నిద్రలో పళ్ళు కొరికే రకమా అన్నది అచ్చు చేతిలో పడగానే చెప్పేస్తాను. మా అమ్మ నాగేంద్రమ్మకు ఈ విద్య మీద ఏమాత్రం గౌరవం లేదు. "ఊరందరి నోర్లు సూసినవు అర్చనా, నీకొక ఇల్లు సూసుకునేది ఎప్పుడే" అంటుంది.

అలాంటి నన్ను చూసుకోవడానికి గద్వాల అవతలి ఊరి నుంచి వచ్చిన పెళ్ళికొడుకుకు రొమ్ము దాకా గడ్డం ఉంది.

గడ్డమంటే ఈ కాలం కుర్రాళ్ళు దువ్వి, కత్తిరించి, నూనె రాసి పెంచుకునే గడ్డం కాదు. మొదటి వెంట్రుక మొలిచిన నాటి నుంచి ఎవరూ అడ్డుచెప్పని గడ్డం. కళ్ళున్నాయి, ముక్కుంది, ఆ కింద అంతా అడవే. నల్లమల అచ్చంపేట దగ్గర మొదలవుతుందంటారు, ఆ రోజు మాత్రం మా ఇంటి ముందుగదిలో మొదలైంది. పేరు భాస్కర్, డిగ్రీ చదివాడు, విత్తనాల కంపెనీలకు సీడు పత్తి పండిస్తాడు, ఒక జత ఎద్దులున్నాయి. ఇవన్నీ మధ్యవర్తి ముందే చెప్పాడు. గడ్డం సంగతి ఒక్కటే మింగేశాడు.

చాయ్ పళ్ళెం పట్టుకొని అతని ముందు నిలబడి, కింది నుంచైనా ఏమైనా కనిపిస్తుందేమోనని నడుం వంచి చూశాను. అవసరానికి మించి వంగాను కాబోలు, కప్పులన్నీ ఒక పక్కకు జారాయి. భాస్కర్ చప్పున పళ్ళెం పట్టుకొని నవ్వాడు. పై వరుస పళ్ళు కనిపించాయి. నేను వారం రోజులు కూర్చొని పేర్చినా అంత చక్కగా పేర్చలేను. గుండె జల్లుమంది, దాచడమెందుకు. కానీ పై వరుస చూసి పెళ్ళికి ఒప్పుకోవడమంటే గడప చూసి ఇల్లు కొన్నట్టే. మనిషి అసలు సంగతంతా కింది దవడలో ఉంటుంది.

"నాదొక మాట" అన్నాను. "గడ్డం తీస్తే, మొహం సూసి చెప్త."

అమ్మ వెనక నుంచి నా నడుం గిల్లింది. భాస్కర్ అమ్మానాన్నలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో మాట్లాడే హక్కు వాళ్ళకు లేదని అప్పుడే అర్థమైంది, ఎందుకంటే జవాబు వాళ్ళ వెనక కూర్చున్న నాయనమ్మ సత్యమ్మ నుంచి వచ్చింది.

"తీస్తడు బిడ్డా, ఎందుకు తియ్యడు. సంబంధం ఖాయమైనంక తీస్తడు. గది నా మొక్కు" అంది. "ఇంటరు చదివేటప్పుడు పల్లిచేన్ల పాము కరిచింది. దవాఖానల పండవెట్టి, నేను బీచుపల్లి ఆంజనేయునికి మొక్కిన. పిల్లగాడు బతికితే, వాని సంబంధం ఖాయమైనంక నీ సన్నిధిల, వాళ్ళ తాత చేత్తోని, తాత కత్తితోని గడ్డం తీపిస్త, అందాక వాని మొహానికి కత్తి తాకనియ్య అని."

"మరి మా పిల్ల మొహం సూడంది ఖాయం చెయ్యనంటుంది గద పెద్దమ్మా" అంది మా అమ్మ.

"ఖాయం గాకుంట మొహం ఎట్ల సూపెడత నాగేంద్రమ్మా" అంది సత్యమ్మ.

పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్న సామెత చిన్నప్పటి నుంచి వింటున్నదే. అది మా ఇంటికే వచ్చి కుర్చీ వేసుకొని కూర్చుంటుందని అనుకోలేదు. మా నాన్న మాట్లాడాల్సిన చోటల్లా ఏదో ఒకటి తింటూ ఉంటాడు, ఆ రోజు మురుకులు తిన్నాడు.

అప్పుడు తాత సాయన్న గొంతు సవరించుకున్నాడు. "మొక్కు బాగనే ఉన్నది. కత్తే బాగ లేదు" అని అంగీ జేబులోంచి ఒక గుడ్డ మూట తీసి విప్పాడు.

పాతకాలపు మడత కత్తి. వయసులో ఉన్నప్పుడు సాయన్న తాత కూలీల గుంపుతో పాటు డ్యాముల పనికి పోయేవాడట. పని ఎక్కడ జరిగితే అక్కడే గుడిసెలు. సెలవు నాడు గుంపులో అందరి గడ్డాలూ ఈయనే గీసేవాడు. ఆ కత్తి ఇచ్చింది అక్కడి ముసలి ఫోర్మన్ ఒకాయన. ఉక్కు మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు సగం అరిగిపోయాయి గాని, ఉక్కు ఇంకా దర్జాగానే ఉంది. చెడిందల్లా పిడి. బర్రె కొమ్ముతో చేసిన నల్లటి పిడి అది. ఒక చివర మేకు దగ్గర మొదలైన పగులు నడుం దాకా పాకింది. అంచుల్ని పురుగు కొరికింది. ఒక పక్క లోపలికి వంగిపోయి, కత్తి మడిచినప్పుడల్లా పదును పోయి దానికే తగులుతోంది.

"గద్వాలల అడిగినం, ఈడ బజార్ల అడిగినం. పారెయ్యుమన్నరు" అన్నాడు తాత.

మా నాన్న నోట్లో మురుకు మింగి, "పిడి కొత్తది ఏపిస్తే గాదా" అన్నాడు.

"నా చెయ్యి గుర్తువట్టాలె గద నాయనా. ఈ వయసుల తెల్వని పిడి పట్టుకొని మనుమని గొంతు కాడ పెట్టాల్నా?"

అందరూ భాస్కర్ గొంతు వైపు చూశారు. గొంతు కూడా కనిపించలేదు, అది వేరే సంగతి. నేను మాత్రం పిడి వైపే చూస్తున్నాను. పగిలిన వస్తువు ఎదురుగా ఉంటే నా చేతులు నా మాట వినవు. "ఇటియ్యి తాతా, నేను జేస్త" అని కొంగు పట్టాను. తాత కత్తిని మూటతో సహా కొంగులో వేశాడు.

పెళ్ళికొడుకును ఒప్పుకోకుండా పెళ్ళికొడుకు కత్తిని ఒప్పుకున్న పిల్లను మా అమ్మ అప్పుడే చూసింది. సత్యమ్మ నవ్వుతూ లేచింది. "ఏరువాక అయినంక వస్తం. లింగాల సంబంధమోళ్ళు తొందర వెడుతున్నరు, ఆపుత. అప్పటికి అవునో కాదో చెప్పు బిడ్డా" అంది.

మర్నాడు ల్యాబులో పని ముగిశాక మోటారుకు సన్నటి ముల్లు తగిలించి పిడి మేకుల తలలు గీకేశాను. పిడి రెండు పలకలుగా విడిపోయింది. లోపల డెబ్బై ఏళ్ళ నురుగు ఎండి గట్టిపడి ఉంది. ఎంతమంది కూలోళ్ళ గడ్డాలో అనుకుంటూ బ్రష్షుతో తోమాను. ఇక పగులు పూడ్చాలి. ఇక్కడ నా చేతి అలవాటు నన్ను ముంచింది. పగులు కనిపించగానే పక్కనున్న డబ్బా తీసి, పొడి పోసి, దాని ద్రవం కలిపి, ఒత్తి, ఆరబెట్టి, మెరుగు కూడా పెట్టేశాను. తర్వాత దీపం కింద పెట్టి చూస్తే నల్లటి కొమ్ముకు గులాబీరంగు చిగుళ్ళు వచ్చి ఉన్నాయి.

నేను తల పట్టుకొని కూర్చున్న ఆ క్షణంలోనే గడ్డం లోపలికి వచ్చింది. దాని వెనక భాస్కర్, చేతిలో సంచి నిండా మామిడిపళ్ళు.

"కత్తి ఎట్లున్నదో సూసి రమ్మన్నడు తాత" అన్నాడు. తాత అడగలేదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. బల్ల మీద పిడి చూశాడు. వంగి దగ్గరగా చూశాడు. "చిగుళ్ళొచ్చినయి. పండ్లెప్పుడొస్తయి?" అని అడిగాడు.

అంత సీరియస్‌గా అడిగితే నవ్వకుండా ఎట్లా ఉండగలను. నవ్వి నవ్వి బల్ల మీద పేర్చిన పళ్ళు చెదరగొట్టాను. ఇద్దరం నేల మీద కూర్చొని ఎవరివో ముందుపళ్ళు ఏరుకున్నాం. మళ్ళీ ఆ గులాబీరంగంతా తవ్వి తీస్తుంటే అతను పక్కనే స్టూలు మీద కూర్చొని చూశాడు.

"కొమ్ముకు కొమ్మే పెట్టాలె గద" అన్నాడు చివరికి. "ఏరువాకకు మా ఎద్దుల కొమ్ములు చెక్కిపిస్తం. ఆ పొట్టు తెస్త. నూరి జిగురుల కలిపి పెట్టుండ్రి, కొమ్ముల కొమ్ము కలిసిపోతది."

నాకెందుకు తట్టలేదా అని ఒళ్ళు మండింది. కోపం వచ్చినప్పుడు నేను వేరే చోట గెలవాలని చూస్తాను. "మీ పాత ఫోటో సూపెట్టుండ్రి, ఇంటర్ది" అన్నాను.

"గప్పుడు బక్కగుండె. అది మొహం గాదు, అగ్గిపుల్ల."

"పోనీ అచ్చు తీస్త. నోరు దెరువుండ్రి."

"గడ్డం అంటుకుంటే?"

అంటుకుంటుంది, నిజమే. అచ్చు తీసే ముద్ద వెంట్రుకల్లో గట్టిపడితే కత్తిరించాల్సి వస్తుంది, మొక్కు చెడుతుంది. ఓడిపోయాను. ఓడిపోయి, అతను ఇచ్చిన మామిడిపండు తిని, అతని ఫోన్ నంబరు తీసుకున్నాను.

ఆ తర్వాత నా సంగతి ఏం చెప్పమంటారు. కాళ్ళు నేల మీద ఆనలేదు. కత్తి గురించి మాట్లాడటానికి ఫోన్ చేసేవాడు, కత్తి మాట రెండు ముక్కల్లో అయిపోయేది, ఫోన్ మాత్రం చెవి వేడెక్కే దాకా నడిచేది. ఎద్దు తుమ్మిన సంగతి చెప్పినా నాకు కథలాగే వినిపించేది. ఒకరోజు ఒక పెద్దాయన సెట్టులో కోరపన్ను తెచ్చి ముందు పెట్టాను. పంపే ముందు చూసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పెద్దాయన ఇంట్లో మనవలు భయపడి ఉండేవాళ్ళు.

కానీ రాత్రి పడుకోగానే గడ్డం గుర్తొచ్చేది. మాట నచ్చింది, నవ్వు నచ్చింది, మనిషి నచ్చాడు. నచ్చాడు కదాని మొహం చూడకుండా మాట ఇచ్చేస్తే, నా మాట పక్కన పెట్టి నన్ను ఎవరైనా దేనికైనా ఒప్పించవచ్చని అందరికీ తెలిసిపోతుంది. నా పట్టుదల నాకు భయంగానే ఉండేది. ఏరువాక దగ్గరికి వస్తోంది. నేను కాదంటే లింగాల వాళ్ళు చంకలు గుద్దుకుంటూ ఒప్పుకుంటారు. వాళ్ళ పిల్లకు పళ్ళ మీద పట్టింపు ఉండదు కదా.

ఒకరోజు ఫోన్ సాయన్న తాత తీసుకున్నాడు. "బిడ్డా, కొమ్ము ఎండిపోయి పగిలింది. పగులు పూడ్చేముందు దానికి నూనె తాపు. జర వంపు గూడ తీస్తే మంచిది. ఎచ్చజేస్తే కొమ్ము మెత్తవడ్తది, ఒత్తి పెడితే తిన్నగయితది" అన్నాడు. సరే, ముందు నూనె, తర్వాత వేడినీళ్ళలో జాగ్రత్తగా వంపు తీయడం, తర్వాత పగులు అనుకున్నాను. ల్యాబులో చీమలు ఎక్కువ. అందుకని ఇంటికి తెచ్చి, ఒక లోతు గిన్నెలో పల్లినూనె పోసి, రెండు పలకలూ అడుగున పడుకోబెట్టి, మూత పెట్టి, వంటింటి అలమారలో పైన పెట్టాను. అమ్మకు చెప్పలేదు. చెబితే గిన్నె పోయిందని గోల చేస్తుంది.

ఏరువాక అయిపోయాక వచ్చిన శనివారం వాళ్ళు వచ్చారు. శనివారం సత్యమ్మకు ఒక్కపొద్దు. ఆ రోజు నీసు ముట్టదు సరే, నీసు వండిన గిన్నె ఉన్న వైపు కూడా చూడదు. అందుకే మా అమ్మ అన్నం గొడవ పెట్టుకోకుండా మిరపకాయ బజ్జీలు పెట్టుకుంది. నేను గద్వాల చీర కట్టుకొని ముందుగదిలో కూర్చున్నాను. భాస్కర్ జేబులోంచి ఒక ముడి వేసిన రుమాలు తీసి నాకిచ్చాడు. లోపల గోధుమరంగులో, సన్నగా చుట్టలు తిరిగిన కొమ్ము పొట్టు. ఎవరికైనా మల్లెపూలు తెస్తారు, నాకు ఎద్దు కొమ్ము పొట్టు తెచ్చాడు. నేను పొంగిపోయాను.

మొదటి వాయి బజ్జీలు వచ్చాయి. అందరూ తిన్నారు. మా నాన్న రెండు చేతులా తిన్నాడు.

"ఏం చెప్పినవు బిడ్డా మరి" అంది సత్యమ్మ బజ్జీ సగం కొరికి.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు, ఎందుకంటే అప్పుడే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "అర్చనా, గీ మిరపకాయ ఏందే, ఎంతకూ పైకి తేలుతలేదు?"

దాని వెనకే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది.

చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకొని పరుగెత్తాను. ప్యాకెట్ నూనె సరిపోక అమ్మ మొదటి వాయికి ముందే అలమారలో గిన్నె తీసి కడాయిలో వంపేసింది. జల్లిగంటెలో నల్లగా, పొడుగ్గా, మిలమిలలాడుతూ సాయన్న తాత పిడి పలక ఒకటి ఉంది, దానికి శనగపిండి కూడా అంటుకుంది. రెండో పలక ఇంకా కడాయిలోనే బజ్జీల మధ్య మునిగి ఉంది. దాన్ని కూడా తీశాను. గుడ్డతో పట్టుకొని చూస్తే అది చెప్పులోని తోలులాగా మెత్తగా వంగింది.

ఏడుపు రావాలి. రాలేదు. ఎందుకంటే కొమ్ము మాడలేదు, మెత్తబడింది. నేను వేడినీళ్ళతో భయంభయంగా చేద్దామనుకున్న పని మా అమ్మ కడాయిలో చేసి పెట్టింది. చల్లారితే మళ్ళీ ఎట్లా ఉంటే అట్లాగే బిగుసుకుంటుంది. ఇప్పుడే, ఈ నిమిషంలోనే ఒత్తాలి.

"బండ" అని అరిచాను. "నూరే బండ ఎవరన్న లేపుండ్రి."

వచ్చింది భాస్కర్. మూలనున్న బండను రెండు చేతులా లేపాడు. నేను పలకల్ని నేల మీద గుడ్డ మడతల మధ్య పరిచాను, అతను బండను మెల్లగా వాటి మీద దించి, మోకాళ్ళ మీద కూర్చొని బరువంతా మోపాడు. ఒక పక్క లేస్తున్నట్టనిపించి నేను కూడా ఎదురుగా కూర్చొని ఒత్తాను. నా చేతులు అతని చేతుల మీద పడ్డాయి. తీయలేదు.

"ఎంతసేపు?" అన్నాడు.

"సల్లారే దాక."

అమ్మ మమ్మల్నీ, కడాయినీ మార్చి మార్చి చూసి, పొయ్యి ఆపి, ముందుగదిలోకి వెళ్ళిపోయింది. ఇంత దగ్గర నుంచి గడ్డాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. అది వణుకుతోంది. బరువు మోస్తున్నందుకు అనుకున్నాను.

"ఒకటి చెప్పాల్నా" అన్నాడు భాస్కర్. "కోపం జెయ్యొద్దు."

"చెప్పుండ్రి."

"నా మొహం కింద ఏమున్నదో నాకే తెల్వదు. గడ్డం వచ్చిన కాడికెల్లి ఎన్నడు తియ్యలే. పెద్దగైనంక సగం మొహం నేనే సూడలే. మీరు సూపెట్టు సూపెట్టు అంటే, నాకు పరేషాన్ అయితుంది. బాగలేకుంటే మీరు పోతరు. మీరు పోతే..." అని ఆగాడు. "నేను గూడ దాంట్లనే ఉండాలె గద."

నేను అతన్ని చూశాను. ఇన్నాళ్ళూ అతని దగ్గర ఏదో దాగుందనీ, అది చూసే హక్కు నాకుందనీ పోట్లాడాను. అది అతనికి కూడా కనపడకుండా దాగే ఉంది. దాచినవాడు లేడు, ఇద్దరం బయటే నిలబడి ఉన్నాం. నాకు ముందు జాలి వేసింది, వెంటనే నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఆగలేదు. బండ మీద చేతులుంచి, తల అతని చేతుల మీద పెట్టి నవ్వాను. అతను ఒక క్షణం భయపడి, తర్వాత తనూ మొదలుపెట్టాడు. బండ కదులుతుందని ఒకరినొకరు మందలించుకుంటూ నవ్వాం.

మేం బయటికి వచ్చేసరికి ముందుగదిలో అందరూ వాసన చూస్తున్నారు.

"ఎంటికలు కాలినట్టు వాసనేంది నాగేంద్రమ్మా?" అంది సత్యమ్మ.

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం చెప్పొద్దని. కానీ ఇంత నవ్విన నోటితో అబద్ధం రాలేదు. "అవ్వా, ఆ నూనెల తాత కత్తి పిడి నానవెట్టిన. అమ్మకు తెల్వక గదే నూనెతోని బజ్జీలేసింది. పిడి గూడ ఏగింది" అన్నాను.

సత్యమ్మ చేతిలోని బజ్జీని పళ్ళెంలో పెట్టింది. "శనివారం" అంది మెల్లగా. "బర్రె కొమ్ము."

సంబంధం పోయిందని నాకు ఖాయమైంది. మనిషి కావాలని నాకు తెలిసిన పది నిమిషాలకే పోయింది. భాస్కర్ వైపు చూడలేకపోయాను.

సాయన్న తాత మాత్రం నముల్తూనే ఉన్నాడు. నమిలి మింగి అన్నాడు. "కొమ్ము నీసెట్లయితదే? మొన్న ఏరువాకకు మన ఎడ్ల కొమ్ములు చెక్కిస్తిమి. రక్తమొచ్చిందా? ఎద్దు నిలవడి నెమరేసుకుంట సూసింది. గోరెట్లనో, ఎంటికెట్లనో, కొమ్ము గట్ల. నువ్వు దేవునికిస్తనన్న గడ్డం ఏందో, గా పిడి గదే. గడ్డం నీసైతే ఆంజనేయుడు తీసుకుంటడా?"

సత్యమ్మ పళ్ళెంలోని బజ్జీని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు, నిజంగా ఒప్పుకున్నప్పుడు కన్నడం వస్తుంది. "హౌదు" అంది. బజ్జీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇంగ జర కారం పడాలె."

నాకు ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. దానికి బదులు, "అవ్వా, సంబంధం ఖాయం చేసుకోండ్రి" అన్నాను.

మా అమ్మ ఉలిక్కిపడింది. "మొహం సూడకుంటనా?"

"ఆయన గూడ సూడలే అమ్మా. ఇద్దరం ఒక్కసారే సూస్తం."

మిగిలిన పని చేతులు తమంతట తామే చేశాయి. వంపు పోయిన పలకల్ని స్పిరిటుతో తుడిచి జిడ్డంతా తీశాను. ఎద్దు కొమ్ము పొట్టును మెత్తగా నూరి, పగులులో కూరి, ఫెవీక్విక్ చుక్కలు వదిలాను. పొర మీద పొర వేసి, గరుకు కాగితంతో నీళ్ళలో రుద్ది, పళ్ళకు వాడే మెరుగుతోనే మెరుగుపెట్టాను. కొత్త ఇత్తడి మేకుల తలల్ని చిన్న సుత్తితో గుండ్రంగా కొట్టాను. కత్తి మడిస్తే పదును ఎక్కడా తగలకుండా రెండు పలకల నడుమ దాక్కుంది. పగులు ఉన్న చోట సన్నటి గోధుమరంగు గీత మిగిలింది. అది భాస్కర్ వాళ్ళ ఎద్దుది, పోనివ్వబుద్ధి కాలేదు. ఒక్కటే లోపం, అరచేతి వేడి తగిలితే పిడి బజ్జీల వాసన వేస్తుంది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

బీచుపల్లిలో కృష్ణ నిండుగా ఉంది. హైవే మీద లారీలు పోతున్నాయి, గుడి దగ్గర తలనీలాలు తీసేవాళ్ళు సాయన్న తాత కత్తి చూసి తమ పీట ఆయనకిచ్చి చుట్టూ చేరారు. తాత పిడిని అరచేతిలో ఒకసారి తిప్పాడు, కళ్ళు మూసుకొని తిప్పాడు. "నాదే" అన్నాడు. తర్వాత వాసన చూసి, "ఆకలైతుంది" అన్నాడు.

ముందు కత్తెరతో అడవి కొట్టారు. తాత నురుగు పెట్టి, తోలు పట్టీ మీద కత్తి నూరి, మనవడి చెవి కింద ఆనించాడు. చెయ్యి వణుకుతుందని అందరం ఊపిరి బిగబట్టాం. పిడి పట్టుకున్న చెయ్యి వణకలేదు, పట్టుకోని చెయ్యే వణికింది. కత్తి కిందికి జారినకొద్దీ భాస్కర్ మొహం బయటికి వచ్చింది. ముక్కు దాకా ఎండలో కాలిన నలుపు, ఆ కింద ఏళ్ళుగా ఎండ తగలని తెలుపు. ఒకే మనిషికి రెండు రంగులు. దవడ పొడుగ్గా లేదు, వెడల్పుగా లేదు, చిన్నగా, గుండ్రంగా, పసిపిల్లవాడిదిలా ఉంది. కొంచెం ఎడమకు జరిగింది కూడా. కింది వరుసలో ఒక పన్ను వంకర. లోకంలో ఉన్న దవడలన్నీ చూశాననుకునే నాకు అంత ముద్దొచ్చే దవడ ఇదే మొదలు. నాకు నవ్వు ముంచుకొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"అద్దం తెచ్చిండ్రా?" అంది సత్యమ్మ. ఎవరూ తేలేదు. మా నాన్న కొబ్బరిముక్క నోట్లో పెట్టుకొని తన ఫోన్ తెరిచి అతని మొహం ముందు పెట్టబోయాడు.

"ఆగు మామా" అన్నాడు భాస్కర్. ఫోన్ పక్కకు జరిపి నా మొహం వైపు చూశాడు. చాలాసేపు, అద్దంలో చూసుకున్నట్టే, ఒక పక్కకు తిరిగి, ఇంకో పక్కకు తిరిగి చూశాడు. నేను నవ్వుతూనే ఉన్నాను, ఆపుదామన్నా ఆగలేదు.

"బాగనే ఉన్నట్టున్నది" అన్నాడు.